క్రొత్త గోడకు తొలియేడు సున్నమే మేలు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దల మాట. ఇల్లు కట్టుటలోని కష్టమెల్ల పునాదులలోను, కప్పులోను ఉన్నదని మేమును మొన్నమొన్నటి వరకు తలంచితిమి. గోడలు లేచి, కప్పు పడి, సిమెంటు పూత ముగిసిన పిమ్మట మిగిలినది రంగొక్కటియే గదా, అది నాలుగు దినముల పని యనుకొంటిమి. ఆ నాలుగు దినముల పనియే మమ్ము ఏడాది పొడుగున ఏడిపించినది. మేము నష్టపడి నేర్చుకొన్నది మరియొక సోదరికి నష్టము లేకుండ దక్కవలయునని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా యింటివారు జమ్మలమడుగు దాపుననున్న యొక పల్లెలో బడి అయ్యవారు. పండ్రెండేండ్లు అద్దె యిండ్లలో కాపురము చేసి, కడపట బ్యాంకు ఋణము తీసికొని మూడు గదుల యిల్లొకటి కట్టుకొంటిమి. మా అత్తగారు తమ జీవితమంతయు మట్టిమిద్దెలో గడపినవారు. రాతిగోడలు, పైన మట్టికప్పు, పేడతో అలికిన నేల, ఏటేట సంక్రాంతికి ముందు తమ చేతులతో తామే వేసికొను సున్నము, ఇదియే వారెరిగిన గృహము. ఇల్లు కట్టునాటికి వారి కన్నులలో శుక్లములు ముదిరి చూపు మందగించినది. చేతులు మాత్రము మందగింపలేదు.

మా తొందర

వైశాఖమున గృహప్రవేశ ముహూర్తము. లోపలి గోడల పూత ముగిసినది ముహూర్తమునకు సరిగా పండ్రెండు దినముల ముందు. మేస్త్రి పోవుచు, “అయ్యవారూ, వారం దినాలన్నా గోడలకు నీళ్ళు కొట్టించండి” అని చెప్పిపోయెను. ఎండలు మండుచుండెను. వీధి కుళాయికి రెండు దినముల కొకసారి నీరు వచ్చుచుండెను. అది చాలక, నాలుకకు ఉప్పగా తగులు బోరునీరు తెచ్చితిమి. బిందెలు మోసినవారము మేమును, కూలికి వచ్చిన యిద్దరు స్త్రీలును. మూడు దినములు మోసితిమి. నాలుగవ దినమున గోడలు బూడిదవన్నె తేలి ఆరినట్లు కనబడగా ఇక చాలు ననుకొంటిమి.

మా అత్తగారు వేకువను లేచి, గోడకు చేతి వెనుకభాగ మానించి చూచి, “అమ్మా, గోడ ఇంకా పచ్చిగానే ఉండాది. ఈ యేటికి సున్నం కొట్టుకోని దిగండి. రంగు యాడికీ పోదు” అనిరి.

మేమా మాట వినలేదు. వినకపోవుటకు కారణము చుట్టముల యెదుట సిగ్గు. సున్నపు గోడల యింటికి పిలిచినచో పుట్టినింటివారేమందురో, తోటి అయ్యవార్ల భార్యలేమనుకొందురో యని వెనుకాడితిమి. సున్నము లేనివారి యింటి పూత యనియు, రంగు ఉన్నవారి యింటి పూత యనియు మా మనసున నొక భావము నాటుకొని యుండెను. అది ఎవరు నాటిరో చెప్పలేము, నీరు పోసి పెంచినవారము మాత్రము మేమే.

రంగు వేయు పనివాడు, “మూడు దినాల్లో అద్దం మాదిరి చేస్తా” ననెను. గోడ ఆరినదా యని అతడు మమ్మడుగలేదు. మేమును చెప్పలేదు. అతడు లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో రుద్ది, గోడలకు ఎమల్షను రంగును, నడిమింటి గోడలకు అడుగున నాలుగడుగుల యెత్తు వరకు నూనెరంగైన ఎనామిలును పూసెను. గృహప్రవేశమునాడు వచ్చినవారందరు మెచ్చుకొనిరి. ఆ మెప్పు శ్రావణము వరకు నిలిచినది.

వరలక్ష్మీవ్రతమునకు గోడ తుడువబోయి చూచితిమి గదా, ఎనామిలుపై శనగగింజలంతేసి పొక్కులు! గోటితో నొక్కగా పొక్కు పగిలి లోపల జిగటజిగటగా సబ్బువంటి పదార్థము కనబడినది. ఎమల్షను పెచ్చులుగా లేచి, దాని వెనుక తెల్లని ఉప్పు దూదివలె పూసియుండెను. కిటికీల క్రింది పూత వ్రేలితో తాకిన పొడిపొడిగా రాలుచుండెను.

రంగునకును కూలికిని పెట్టిన సొమ్ము మా యింటివారి నెలజీతమునకు మించినది. అందు కొంత అత్తగారి కన్నుల చికిత్సకై, రాకపోకలకై దాచినది. “రంగు ముందు కానిండు, కన్నులు శ్రావణమునకు చూపింత” మని మేమే చెప్పియుంటిమి. శ్రావణమునకు రంగును లేదు, సొమ్మును లేదు. అత్తగారు ఒక్క మాటయు అనలేదు. అనియుండిన బాగుండునని మాకు తోచినది.

గోడలో జరుగునదేమి?

మేము సంస్కృతాంధ్ర కావ్యములు ఇంట చదువుకొన్నవారమే గాని రసాయనశాస్త్ర మెరిగినవారము కాము. మా యింటివారు బడి పుస్తకములు తెచ్చి విడమరచి చెప్పగా మాకు తెలిసినది ఇచ్చట వ్రాయుచున్నాము.

మన కడప, కర్నూలు సీమ సున్నపురాతి సీమ. ఇచ్చటి శిలలను గూర్చి విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త 1872లోనే గ్రంథము వెలువరించెను. జమ్మలమడుగు ప్రాంతపు నార్జి గ్రామము పేరనే ఒక తెగ సున్నపురాతికి నార్జి సున్నపురాయి యని శాస్త్రజ్ఞులు పేరిడిరి. మనము నేలలకు పరచుకొను కడప బండలును, బేతంచెర్ల నాపరాళ్ళును సున్నపురాళ్ళే. ఆ రాతిని బట్టీలో కాల్చిన సున్నమగును. బంకమట్టి మొదలగువానితో కలిపి 1450 డిగ్రీల వేడిమిలో కాల్చి, కొద్దిగా జిప్సము చేర్చి నూరిన సిమెంటగును. యెఱ్ఱగుంట్ల చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు వెలసినది ఈ రాతిని నమ్ముకొనియే.

సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చునపుడు దానిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోవును. 100 కిలోల స్వచ్ఛమైన రాతినుండి 56 కిలోల కాల్చిన సున్నము మిగులును. దానికి నీరు తగిలిన బుసబుస పొంగి తడిసున్నమగును. ఆ సున్నమును గోడకు పూసినపుడు అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా తిరిగి పీల్చుకొని మరల రాయియగును. బట్టీలో పోగొట్టుకొన్నదానిని గోడమీద తిరిగి సంపాదించుకొనుచున్నదన్నమాట. ఇది ఒక పూటలో జరుగు పని కాదు.

సిమెంటు తీరు వేరు. అది ఆరుటచే గట్టిపడదు, నీటితో కూడి గట్టిపడును. కావున పూత వేసిన మరునాటినుండి 7 దినములకు తక్కువ కాకుండ గోడను తడుపుచుండవలయును. సిమెంటు బలమును నిపుణులు 28 దినములకు లెక్కింతురు. ఏటి వాన సగటున 600, 700 మిల్లీమీటర్లు మాత్రమే కురియు మన సీమలో వేసవి వడగాలి పూతలోని నీటిని సిమెంటు త్రాగకముందే తాను త్రాగివేయును. అప్పుడు పూత బీటలు వారి, పొడి రాలును. మా కిటికీల క్రింద జరిగినది ఇదియే. చెమ్మ దేశమున గోడ ఆరలేదని కన్నులకే తెలియును. మన ఎండుగడ్డపై మీది పొర గంటలలో ఆరి, లోపలి యిటుకలలో నీరు దాగి యుండును. ఆరినట్లు కనబడుట వేరు, ఆరుట వేరు.

రెండవది క్షారగుణము. శుద్ధమైన నీటి గుణమును 7 అని లెక్కించిన, క్రొత్త సిమెంటు పూత గుణము 12 మొదలు 13 వరకు నుండును. నూనెయు క్షారమును కూడిన సబ్బగునని సబ్బు వండు వారందరికి తెలియును. తడి యింకని క్రొత్త గోడపై నూనెరంగు పూసి మేము తెలియక నాలుగడుగుల యెత్తున సబ్బు వండుకొంటిమి!

మూడవది చౌడు. ఉప్పునీటితో తడిపిన గోడలో ఆ యుప్పు నిలిచియుండును. ఇటుకలలోను కొంత ఉప్పుండుట కలదు. గోడ ఆరునపుడు నీరు మీదికి వచ్చి గాలిలో కలిసిపోవును. ఉప్పు మాత్రము మీదనే తెల్లగా పూయును. దానిపై రంగు గట్టిగా మూసినచో, ఆ ఉప్పే రంగును త్రోసివేయును. కావున పూత కలుపుటకును, తడుపుటకును త్రాగదగిన నీరే వాడవలయును. బిందె నీరు తక్కువైనను మంచినీరైన మేలు.

పూర్వుల ఓపిక

ఈ సంగతులు తెలిసిన పిమ్మట మేము చదివిన గ్రంథములలోని కొన్ని విషయములు మాకు క్రొత్తగా అర్థమైనవి. విష్ణుధర్మోత్తర పురాణములో చిత్రసూత్రమను భాగము కలదు. బొమ్మ వ్రాయుటకు ముందు గోడ నెట్లు సిద్ధము చేయవలయునో అందు చెప్పబడినది. ఇటుకపొడి, మట్టి, గుగ్గిలము, తేనెమైనము, బెల్లము, సున్నము, మారేడుపండు గుజ్జు, ఇసుక మొదలగునవి కలిపి నెల దినములు నాననీయవలయునట. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజైన సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములోను గోడ తయారీకి ఎనుబోతు తోలునుండి తీసిన జిగురు చెప్పబడినది. పూర్వము చదువునపుడు ఈ భాగములను త్వరగా దాటివేయుచుంటిమి. బొమ్మలను వదలి గోడను గూర్చి ఇంత యేల యని విసుగు. ఇప్పుడు ఆ విసుగు లేదు.

మన రాయలసీమలోని లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది వర్ణచిత్రములు పదునారవ శతాబ్దమున, విజయనగరపు అచ్యుతదేవరాయల కాలమున వ్రాసినవి. సున్నపు పూతపై మట్టిరంగులతోను, మసితోను తీర్చిన ఆ బొమ్మలు కొన్నిచోట్ల చెరిగినను ఇప్పటికిని చూడవచ్చును. మన పల్లెలలోను గచ్చు పనికి సున్నమును గానుగలో నూరి, బెల్లపునీరు, కరక్కాయనీరు చేర్చి వాడెడివారు. ఆ పనులన్నిట నున్న ముఖ్యద్రవ్యము ఓపిక.

తప్పు దిద్దుకొన్న విధము

మొదట తడి యెక్కడినుండి వచ్చుచున్నదో వెదకితిమి. కిటికీల పైనుండు సిమెంటు పలకకు వాలు చాలక వాననీరు గోడలోనికి దిగుచుండెను. దానిని సరిచేయించిన పిదపనే గోడ జోలికి పోయితిమి. కారణము నుంచి రోగమునకు మందు పూసిన లాభము లేదు.

తరువాత పలుచని ఉక్కురేకుతో ఎనామిలును పూర్తిగా గీకివేసితిమి. పెచ్చులు లేచిన ఎమల్షనును అట్లే తీసివేసితిమి. పూసిన ఉప్పును నీటితో కడుగలేదు. కడిగిన ఉప్పు కరిగి మరల గోడలోనికే పోవును. పొడి కుంచెతో దులిపి, రాలినదానిని ఎత్తి బయట పారబోయవలయును. ఇరువది దినములకు మరల పూసినది. మరల దులిపితిమి. నాలుగవ మారునకు చేతికి అంటునంత ఉప్పు రాలేదు.

పొడి రాలు చోట్ల పూతను కొట్టివేయించి క్రొత్త పూత వేయించితిమి. ఈ మారు గోనెపట్టలు తడిపి గోడకు వ్రేలగట్టి, కుళాయి నీటితో 7 దినములు చెమ్మ ఆరనీయలేదు. గోనె యుండుటచే నీరు సగమే పట్టినది. ఈ ఉపాయము మొదటనే తెలిసియుండిన మా నడుములును, ఆ యిద్దరు స్త్రీల నడుములును కొంత సుఖపడియుండెడివి.

గోడ ఆరినదా లేదా యను పరీక్షలు

ఇవి ఖర్చు లేనివి, ఏ యింటనైన చేయదగినవి.

మొదటిది అత్తగారి పరీక్ష. వేకువను గోడకు చేతి వెనుకభాగ మానించిన పచ్చిగోడ ప్రక్కగోడకంటె చల్లగా తగులును. మధ్యాహ్నము చూచిన తెలియదు.

రెండవది ప్లాస్టికు కాగితపు పరీక్ష. మూరెడు పొడవు, మూరెడు వెడల్పుగల ప్లాస్టికు కాగితమును గోడకు పరచి, నాలుగు అంచులను గాలి చొరకుండ జిగురుపట్టీతో అంటించి ఒక పగలు, ఒక రాత్రి ఉంచవలయును. విప్పి చూచిన లోపలివైపు నీటిబిందువులున్నను, గోడ అచ్చట నల్లబడినను తడి యింకను ఉన్నదని యర్థము.

మూడవది పసుపు పరీక్ష. పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱబడి పారాణి యగునని మనకు పుట్టినది మొదలు తెలియును. తెల్లని గుడ్డను పసుపునీటిలో ముంచి, కొంచెము తడిపిన గోడకు అదిమి పట్టవలయును. క్రొత్త గోడమీద గుడ్డ చిక్కని యెఱుపు తిరుగును. నెలలు గడచినకొలది ఆ యెఱుపు తగ్గుచుండును. ముత్తైదువ పాదమునకు మంగళకరమైన ఆ వర్ణము నూనెరంగునకు మాత్రము అమంగళము. సున్నము వేసిన గోడపై ఈ పరీక్ష చేసిన సున్నము గుణమే తెలియును గావున, వేయకముందే చేయవలయును.

నాలుగవది నల్లగుడ్డ పరీక్ష. పొడి నల్లగుడ్డతో రుద్దిన తెల్లని పొడి దట్టముగా అంటినచో, ఆ గోడపై ఏ రంగును నిలువదు.

సిమెంటు పూతకు తడుపుట ముగిసిన పిమ్మట కనీసము నాలుగు వారములు ఆగి ఈ పరీక్షలు చేయవలయును. వానకాలమైన ఇంకను ఎక్కువ దినములు పట్టును. నూనెరంగైనచో నెలలతరబడి ఆగుట మేలు. ఆలోపల ఇంట దిగవలసినవారి మాట యేమి? దానికి సమాధానమే సున్నము.

సున్నము వేయు విధము

సున్నపు పూత గోడ నోరు మూయదు. లోపలి తడిని ఆవిరిగా బయటికి పోనిచ్చును. తానే క్షారము గావున గోడలోని క్షారమునకు వెరవదు. అందుచే తొలియేడు సున్నముతో గడపి, గోడ ఒక వేసవియు ఒక వానకాలమును చూచిన తరువాత రంగు మాట తలపెట్టుట క్షేమము. మా అత్తగారు చెప్పినది ఇదియే. వారికి కారణములు తెలియవు, ఫలము తెలియును.

సున్నము నాననిచ్చునపుడు వెడల్పైన పాత్రలో ముందు నీరు పోసి, అందు సున్నపుగడ్డలను కొద్దికొద్దిగా వేయవలయును. గడ్డలపై నీరు గుమ్మరింపరాదు. మూతగల పాత్రలో చేయనే చేయరాదు. అది సలసల మరిగి చిమ్మును. పిల్లలను దరి చేరనీయక, కన్నులకు అద్దములు పెట్టుకొనవలయును. కంటిలో సున్నము పడినచో వెంటనే మంచినీటితో 20 నిమిషములకు తక్కువ కాకుండ ఎడతెగక కడిగి, అప్పుడే వైద్యుని యొద్దకు పోవలయును. నూనె, నెయ్యి, చనుబాలు పోయుట మొదలగు నాటు వైద్యములు చేయరాదు. ఒక్క నిమిషపు ఆలస్యము చూపునకే మోసము.

రెండు దినములు నానిన సున్నమును పలుచని గుడ్డతో వడియగట్టి, పాలవలె పలుచన చేసికొనవలయును. అంటుటకు కొంచెము గంజిగాని జిగురుగాని చేర్చుట వాడుక. తెలుపు తేరుటకు చిటికెడు నీలిమందు. గోడను దులిపి, నీరు చిలికి చెమ్మ చేసి, ఒక పూత నిలువుగాను, అది ఆరిన తరువాత రెండవది అడ్డముగాను, మరల మూడవది నిలువుగాను వేయవలయును. వేసినపుడు గోడ కనబడుచునే యుండును. అది చూచి చిక్కగా కలుపుట పొరపాటు. ఆరినకొలది తెలుపు తానే విచ్చును. చిక్కని పూత పెచ్చులూడును. ఎండ వేళ కాక ఉదయ సాయంకాలములందు వేయుట మంచిది.

తెలుపు వలదనువారు మట్టిరంగులు కలుపుకొనవచ్చును. బేతంచెర్ల ప్రాంతమున పసుపువన్నె మన్ను త్రవ్వుదురు. అట్టి పసుపుమన్నును, జేగురును సున్నపు క్షారమున కోర్చుకొనును. సున్నము తూకములో పదవ వంతునకు మించనీయరాదు. మించిన రంగు చేతికంటును. పూలనుండియు ఆకులనుండియు తీసిన రంగులనేకము సున్నములో వెలిసిపోవును.

పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల యెత్తుగల గదికి నాలుగు గోడలు కలిసి 440 చదరపుటడుగులు. ఒక తలుపునకు 21, రెండు కిటికీలకు 32 తీసివేసిన మిగులునది 387. అంత గదికి మేమిద్దరము, ఒకరు నిచ్చెనపైనను ఒకరు క్రిందను నిలిచి, ఒక పూటలో ఒక పూత వేసితిమి. పుష్యమాసమున సంక్రాంతికి నాలుగు దినముల ముందు ఇల్లంతయు తెల్లనైనది.

ఏడాది తరువాత రంగు

సున్నము పూర్తిగా తీయక దానిపై ఎమల్షను వేసినచో రంగు సున్నమునంటుకొనును గాని గోడ నంటుకొనదు. రెండును కలిసి ఊడును. కావున రంగు వేయదలచిన గది సున్నమును గీకి, కుంచెతో దులిపి, గుడ్డతో తుడిచి, గోడ ఆరనిచ్చి, ప్లాస్టికు పరీక్షయు నల్లగుడ్డ పరీక్షయు చేయవలయును. మేము వైశాఖమున నడిమింటికి మాత్రమే రంగు వేసితిమి.

బీటలకు లప్పమును ఒక్కసారి మందముగా గాక రెండుమార్లు పలుచగా పెట్టవలయును. ఉప్పుకాగితముతో రుద్దునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మరువరాదు. ఆ దుమ్మును తుడువక రంగు వేయుట, స్నానము చేయక పట్టుచీర కట్టుటవంటిది. తరువాత క్షారమున కోర్చు ప్రైమరు ఒక పూత, అది ఆరిన తరువాత ఎమల్షను రెండు పూతలు. ఎంత నీరు కలుపవలయునో, పూతకును పూతకును నడుమ ఎంతసేపు ఆగవలయునో డబ్బాపై వ్రాసియుండును. దాని ప్రకారము నడచుట యుక్తము. లోపలి గోడ అడుగున నూనెరంగు మేమిక వేయము.

డబ్బాలో నున్నది వట్టి వర్ణము కాదు. వర్ణమిచ్చు పొడి, దానిని పట్టియుంచు జిగురు, ఒడలు నింపు తెల్లని ఖనిజపు పొడులు అందుండును. అట్టి ఖనిజములలో ముగ్గురాయి యొకటి. దానికి ప్రపంచప్రసిద్ధమైన గని మన కడప సీమలోని మంగంపేటయే. అందు ఎక్కువ భాగము చమురుబావులు త్రవ్వువారికి పోవును, కొంత రంగులలో చేరును. మన నేలలోని రాయి ఏ రూపముననో తిరిగి మన గోడకే వచ్చుచున్నది.

పిల్లల తల్లులకు ఒక మాట. పూర్వము రంగులలో సీసము విరివిగా చేర్చెడివారు. సీసము పిల్లల మెదడునకు విషము, చిన్నపిల్లల కింకను ఎక్కువ. మన దేశమున 2016లో చేసిన నియమముల ప్రకారము, 2017 నవంబరు నుండి గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదు. కొనునపుడు డబ్బాపై ఆ మాట చూచి కొనవలయును. పాత తలుపులపై, కిటికీలపై ఉన్న రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకి, పెచ్చులను కాగితముపై పట్టి పారవేసి, నేలను తడిగుడ్డతో తుడిచిన పిదపనే పిల్లలను ఆ గదికి రానీయవలయును.

సున్నము వేసిన సంక్రాంతి వెళ్ళిన తరువాత, మాఘమున అత్తగారి కన్నులకు శస్త్రచికిత్స జరిగినది. అనుకొన్న గడువునకు ఆరు నెలలు దాటి. కట్టు విప్పి ఇంటికి వచ్చిన దినమున వారు తెల్లని గోడలను చాలసేపు చూచిరి. వైశాఖమున నడిమింటికి రంగు వేయకముందు, చూపు వచ్చినను అలవాటు చొప్పున వేకువను గోడకు చేయానించి, “ఇప్పుడు పూసుకోండమ్మా” అనిరి. తమ గదికి మాత్రము రంగు వలదనిరి. అది నేటికిని సున్నపు గదియే. ఎండకాలమున పిల్లలు మధ్యాహ్నము నిద్రించుటకు ఆ గదికే పోవుదురు.

సోదరీమణులారా, గృహప్రవేశమునకు రానున్న చుట్టములు ఒక పూట యుండి పోవుదురు. గోడతో కాపురము చేయువారము మనము. ఇంటి పెద్దలు “ఆగు” మని చెప్పినపుడు, కారణము చెప్పలేకపోయినను, ఒక్కసారి వారి చేయి ఎచ్చట ఆనియున్నదో చూడుడు. మేము చూడక కోల్పోయినది సొమ్ము మాత్రమే కాదు, ఆ తల్లి చీకటిలో గడపిన ఆరు నెలలు. రంగు మరల కొనవచ్చును, ఆ యారు నెలలను తిరిగి తేలేము.